న్యూజెర్సీ టౌన్‌షిప్‌లో మీ సమస్యను బోర్డు ముందుకు తీసుకెళ్లడం ఎలా?

"మా వీధిలో కార్లు మరీ వేగంగా పోతున్నాయి, ఎవరికి చెప్పాలి?", "మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో గోదాము కడతారట, ఆపగలమా?", "పార్కులో క్రికెట్ పిచ్ కావాలంటే ఎవరిని అడగాలి?" అని న్యూజెర్సీలో ఉంటున్న మన తెలుగువారు తరచూ అడుగుతూ ఉంటారు. ప్రశ్నలు వేరైనా వాటి వెనక ఉన్న తికమక ఒక్కటే. టౌన్‌షిప్ అంటే ఒక కార్యాలయం, అందులో ఒక మేయరు, ఆయన తలుచుకుంటే పని జరిగిపోతుందని మనం అనుకుంటాం. నిజానికి అక్కడ అధికారం అరడజను చోట్ల పంచి ఉంటుంది, ఒక్కో బోర్డు చేతిలో ఒక్కో పని మాత్రమే ఉంటుంది. మైకు ముందు మాట్లాడే మూడు నిమిషాల కంటే, దానికి ముందు రెండు మూడు వారాల్లో మీరు చేసుకునే సన్నాహమే ఫలితాన్ని తేలుస్తుంది.

మన ఊళ్లలో గ్రామసభకు అలవాటు పడ్డవారు ఒక తేడాను ముందే గుర్తుంచుకోవాలి. గ్రామసభలో ఊరి ఓటర్లందరూ సభ్యులే. టౌన్‌షిప్ సమావేశం ఎన్నికైన సభ్యులది. ప్రజలు కూర్చుని చూడవచ్చు, కేటాయించిన సమయంలో మాట్లాడవచ్చు, కానీ అక్కడ చేతులెత్తి దేనినీ తీర్మానించలేరు. అందుకే ఎంతమందిమి వెళ్లామన్నదాని కంటే ఏ కాగితంతో, ఏ దశలో వెళ్లామన్నది ముఖ్యం.

ఇక్కడ చెప్పేవన్నీ న్యూజెర్సీ చట్టాల ప్రకారం చెబుతున్నవి. మిషిగన్‌లోనూ పెన్సిల్వేనియాలోనూ టౌన్‌షిప్‌లు ఉన్నాయి గాని, వాటి బోర్డుల నిర్మాణమూ గడువులూ వేరు. ఉదాహరణకు మిషిగన్ టౌన్‌షిప్ బోర్డులో సూపర్‌వైజరు, క్లర్కు, ట్రెజరరు, వారితో పాటు ట్రస్టీలు ఉంటారు, అందరూ ఎన్నికైనవారే. న్యూజెర్సీలో క్లర్కు, అంటే టౌన్‌షిప్ రికార్డులూ సమావేశాల కాగితాలూ చూసే అధికారి, నియమితులైన ఉద్యోగి.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

- మీ ఆస్తి పన్ను బిల్లు. మీ స్థలాన్ని గుర్తించే బ్లాకు, లాటు సంఖ్యలు దాని మీదే ఉంటాయి. అద్దెకు ఉంటున్నవారికి ఇంటి చిరునామా చాలు.
- టౌన్‌షిప్ వెబ్‌సైటులో ఉండే సంవత్సరపు సమావేశాల పట్టిక.
- గత మూడు నాలుగు నెలల మినిట్స్, అంటే సమావేశాల అధికారిక నమోదులు.
- సమస్య జరుగుతున్న చోటు ఫొటోలు. ప్రతి ఫొటోకు తేదీ, సమయం రాసి ఉంచండి.
- ఒక నోటు పుస్తకం. ఎవరితో ఏ రోజు మాట్లాడారో, వారు ఏమన్నారో అందులో రాసుకోండి. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, కానీ ఆరు నెలల తరువాత మీకు ఆధారంగా మిగిలేది ఇదే.

పౌరసత్వం అక్కర్లేదు. హెచ్-1బి వీసా మీద ఉన్నవారైనా, గ్రీన్ కార్డు ఉన్నవారైనా, ఇంటికి వచ్చిన తల్లిదండ్రులైనా సమావేశానికి వెళ్లవచ్చు, మాట్లాడవచ్చు. ఓటు వేయడానికీ ఎన్నికల్లో నిలబడడానికీ మాత్రం పౌరసత్వం తప్పనిసరి.

ముఖ్యమైన హెచ్చరిక: డ్రైవింగ్ లైసెన్సు పనుల కోసం మోటార్ వెహికల్ కమిషన్ కార్యాలయానికి వెళ్లినప్పుడు ఓటరు నమోదు ప్రస్తావన వస్తుంది. పౌరసత్వం లేనివారు దానికి స్పష్టంగా వద్దని చెప్పాలి. పొరపాటున నమోదైనా, ఓటు వేసినా అది వలస హోదాకే ముప్పు తెస్తుంది. ఓటర్ల సంతకాలు కోరే అధికారిక పిటిషన్ మీద సంతకం చేసే ముందు కూడా అది నమోదైన ఓటర్లకు మాత్రమేనా అని అడిగి తెలుసుకోండి.

1. ఈ పని ఎవరి పరిధిలోదో తేల్చుకోండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి ఈ మెట్టు మీద ఎంత సమయం గడిపినా వృథా కాదు. నేను మొదటిసారి కౌన్సిల్, అంటే టౌన్‌షిప్ ఎన్నికైన పాలక మండలి, సమావేశంలో మాట్లాడింది పిల్లలు రోడ్డు దాటేచోట తెల్ల గీతలు వేయించమని. మూడు నిమిషాలూ బాగానే మాట్లాడాను, సభ్యులు శ్రద్ధగా విన్నారు, చివరికి ఇంజినీరు లేచి అది కౌంటీ రోడ్డని, దాని మీద గీత గీసే అధికారం కూడా టౌన్‌షిప్‌కు లేదని చెప్పారు. వెళ్లే ముందు పది నిమిషాలు వెచ్చించి ఉంటే నాకు ఒక నెల మిగిలేది.

రోడ్డు ఎవరిదో తెలుసుకోవడానికి దాని సూచిక బోర్డులు చూడండి. నీలం రంగు ఐదు మూలల ఫలకం మీద పసుపు అంకెలు ఉంటే అది కౌంటీ మార్గం. నల్లని చతురస్రంలో తెల్లని గుండ్రం ఉంటే రాష్ట్ర మార్గం, అది రాష్ట్ర రవాణా శాఖ చేతిలో ఉంటుంది. రూట్ 1 లాంటి ఫెడరల్ సంఖ్య ఉన్న రహదారుల సంగతీ సాధారణంగా రాష్ట్ర శాఖే చూస్తుంది. ఏ సంఖ్యా లేని కాలనీ వీధి అయితే చాలావరకు టౌన్‌షిప్‌దే, కాకపోతే మీ కాలనీ సంఘం సొంత రోడ్డు కావచ్చు. అనుమానం ఉంటే టౌన్‌షిప్ ఇంజినీరింగ్ విభాగానికి ఒక్క ఫోను చేస్తే చెబుతారు.

ఇతర విషయాలకు ఈ విభజన గుర్తుంచుకోండి.

- దీపావళికి బడి సెలవు, బస్సు వేళలు, బడి భోజనంలో శాకాహారం: ఇవి స్కూల్ బోర్డు చేతిలో ఉంటాయి. అది టౌన్‌షిప్‌తో సంబంధం లేని వేరే పాలక మండలి. దానికి వేరే సమావేశాలు, వేరే బడ్జెట్ ఉంటాయి. మీ ఆస్తి పన్నులో చాలాచోట్ల అన్నిటికంటే పెద్ద వాటా వెళ్లేది బడులకే, దాన్ని వసూలు చేసి అందించడం వరకే టౌన్‌షిప్ పని.
- కౌంటీ రోడ్లు, కౌంటీ పార్కులు: బోర్డ్ ఆఫ్ కౌంటీ కమిషనర్స్. 2021కి ముందు వీరినే ఫ్రీహోల్డర్లు అనేవారు, పాత కాగితాల్లో ఆ పేరు కనిపిస్తే తికమకపడకండి.
- స్థలాల మీద కొత్త కట్టడాలు: ప్లానింగ్ బోర్డు. ఆ ప్రాంతానికి జోనింగ్ (ఏ స్థలాన్ని దేనికి వాడవచ్చో చెప్పే స్థానిక నియమాలు) అనుమతించని వాడుక కావాలని ఎవరైనా అడిగితే జోనింగ్ బోర్డు.
- ఆస్తి విలువ ఎక్కువ కట్టారన్న ఫిర్యాదు: కౌంటీ పన్ను బోర్డు. దీనికి ఎక్కువచోట్ల గడువు ఏప్రిల్ 1. ఈ విషయం మీద కౌన్సిల్ ముందు ఎంత మాట్లాడినా వారు చేయగలిగింది లేదు.
- కాలనీ లోపలి నియమాలు, నెలవారీ రుసుము, క్లబ్ హౌస్: మీ హోం ఓనర్స్ అసోసియేషన్. ఇది ప్రైవేటు సంఘం, టౌన్‌షిప్ దాని గొడవల్లో తలదూర్చదు.

కాలనీ సంఘాలకు ఒక వెసులుబాటు ఉంది, అది చాలామందికి తెలియదు. అర్హత ఉన్న ప్రైవేటు కాలనీల్లో మంచు తొలగింపు, వీధి దీపాలు, చెత్త సేకరణ పనులను టౌన్‌షిప్ తానే చేయాలి, లేదా ఆ ఖర్చును నిర్ణీత పద్ధతిలో సంఘానికి తిరిగి ఇవ్వాలి అని రాష్ట్ర చట్టం చెబుతోంది. మీ సంఘం బడ్జెట్‌లో ఆ రాబడి కనబడకపోతే సంఘం కోశాధికారిని అడగండి.

2. మీ టౌన్‌షిప్ పాలన ఏ తరహాదో తెలుసుకోండి

పేరులో టౌన్‌షిప్ ఉన్నంత మాత్రాన అన్నీ ఒకేలా నడవవు. ప్లెయిన్స్‌బరో, మాంట్‌గమరీ వంటి చోట్ల టౌన్‌షిప్ కమిటీ పద్ధతి ఉంది. ఇందులో ముగ్గురు లేదా ఐదుగురు సభ్యులు మూడేళ్ల పదవీకాలానికి ఎన్నికవుతారు, జనవరి తొలి వారంలో జరిగే పునర్వ్యవస్థీకరణ సమావేశంలో తమలో ఒకరిని ఆ ఏడాదికి మేయరుగా ఎన్నుకుంటారు. అక్కడ మేయరుది ప్రధానంగా సమావేశం నడిపే పాత్ర, కాబట్టి ఆయన ఒక్కరినే నమ్ముకుంటే చాలదు, ఐదుగురిలో ముగ్గురు ఒప్పుకోవాలి. ఎడిసన్, వెస్ట్ విండ్సర్ వంటి చోట్ల ఫాక్నర్ చట్టం (పాలన పద్ధతిని ఊరే ఎంచుకునే వీలిచ్చే రాష్ట్ర చట్టం) కింద మేయరు, కౌన్సిల్ విడివిడిగా ఎన్నికవుతారు. సిబ్బంది, రోజువారీ పనులు మేయరు కింద ఉంటాయి, ఆర్డినెన్సులు, అంటే స్థానిక చట్టాలు, చేయడం కౌన్సిల్ పని. చెత్త తీయలేదన్న ఫిర్యాదుకు మేయరు కార్యాలయానికి వెళ్లాలి, వేగ పరిమితి మార్చాలంటే కౌన్సిల్ దగ్గరకు వెళ్లాలి.

3. సమావేశానికి ముందు సిబ్బందితో మాట్లాడండి

ఎన్నికైన సభ్యుల్లో చాలామంది పగలు వేరే ఉద్యోగాలు చేసుకునేవారే. మీరు మైకులో అడిగిన వెంటనే వారు పక్కకు తిరిగి ఇంజినీరునో, పోలీసు అధికారినో, టౌన్‌షిప్ సిబ్బందికి పెద్ద అయిన అడ్మినిస్ట్రేటరునో చూస్తారు. ఆ అధికారికి మీ విషయం అప్పటికే తెలిసి ఉంటే జవాబు వస్తుంది, తెలియకపోతే "పరిశీలిస్తాం" అన్న మాటతో ఆగిపోతుంది. వీధిలో వేగం గురించి అయితే ముందు పోలీసు శాఖ ట్రాఫిక్ విభాగానికి రాసి వేగాల కొలత చేయమని అడగండి. ఆ కొలతలు మీకు అనుకూలంగా వస్తే మీరు గొంతు పెంచాల్సిన అవసరమే ఉండదు. కొలతలు వ్యతిరేకంగా వస్తే, స్పీడ్ హంప్ బదులు పాదచారుల గీతలు, చెట్ల కొమ్మలు కత్తిరించి సూచికలు కనిపించేలా చేయడం వంటి చిన్న కోరికలకు మారడం మంచిది.

డబ్బు ఖర్చయ్యే కోరిక అయితే కాలం చూసుకోండి. ఎక్కువ టౌన్‌షిప్‌ల ఆర్థిక సంవత్సరం జనవరిలో మొదలవుతుంది, విభాగాలు తమ అంచనాలను అంతకు ముందు శరదృతువులోనే వేసుకుంటాయి. వసంతకాలంలో బడ్జెట్ మీద బహిరంగ విచారణ జరిగేసరికి అంకెలు దాదాపు ఖరారై ఉంటాయి. అక్టోబరులో అడిగినదానికి ఉండే అవకాశం ఏప్రిల్‌లో అడిగినదానికి ఉండదు.

4. అజెండా చదివి, విషయం ఏ దశలో ఉందో గుర్తించండి

1975 నాటి ఓపెన్ పబ్లిక్ మీటింగ్స్ చట్టం ప్రకారం సాధారణంగా సమావేశానికి కనీసం 48 గంటల ముందు ప్రకటన ఉండాలి, తెలిసినంత మేరకు అజెండా కూడా అందులో ఉండాలి. అజెండాలో మీరు వెతకవలసిన మాటలు మూడు.

ఆర్డినెన్స్ అంటే స్థానిక చట్టం. దానికి రెండు పఠనాలు ఉంటాయి. మొదటి పఠనం అంటే ప్రవేశపెట్టడం మాత్రమే, ఆ రోజు దాని మీద బహిరంగ విచారణ ఉండదు. కనీసం 10 రోజుల తరువాత రెండో పఠనం రోజున విచారణ జరిపి, ఓటు వేస్తారు. మొదటి పఠనం రోజున అజెండా చూసి "అయిపోయింది" అనుకుని వదిలేసేవారు కొందరు, రెండో పఠనం అయిపోయాక వచ్చేవారు ఇంకొందరు. మీ వారాలు ఆ రెండు తేదీల మధ్య ఉన్నవే. సభ్యులకు ఉత్తరాలు రాయవలసిందీ, సవరణలు సూచించవలసిందీ అప్పుడే.

రిజల్యూషన్ అంటే తీర్మానం. దానికి ఒక్క ఓటు చాలు, అదే రాత్రి అయిపోతుంది. కాంట్రాక్టులు, నియామకాలు ఎక్కువగా ఈ దారిలోనే వస్తాయి.

కన్సెంట్ అజెండా అంటే అభ్యంతరం రాదని భావించిన పది ఇరవై తీర్మానాల కట్ట. అన్నిటికీ కలిపి ఒకేసారి ఓటు వేస్తారు. మీకు కావలసినది అందులో ఉంటే, దాన్ని విడిగా చర్చించమని ఒక సభ్యుడిని ముందే కోరండి. సభ్యుడు అడిగితే విడదీస్తారు, ప్రేక్షకుల్లోంచి మీరు అడిగితే కుదరకపోవచ్చు.

తలుపులు మూసి చేసే సమావేశాల గురించి కూడా అడుగుతుంటారు. కోర్టు కేసులు, సిబ్బంది వ్యవహారాలు, స్థలం కొనుగోలు వంటి కొన్ని కారణాలకే అలా చేయవచ్చు. లోపలికి వెళ్లే ముందు విషయం స్థూలంగా ఏమిటో చెబుతూ బహిరంగంగా తీర్మానం చేయాలి. ఆ తీర్మానం లేకుండా వెళ్తే మర్యాదగా క్లర్కును అడగండి.

5. కావలసిన కాగితాలు అడిగి తీసుకోండి

ఓపెన్ పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద క్లర్కుకు దరఖాస్తు పెడితే సాధారణంగా 7 పనిదినాల్లో జవాబు రావాలి. ఈమెయిల్‌లో కావాలంటే చాలావాటికి రుసుము ఉండదు. అచ్చు ప్రతులకు మామూలు పేజీకి 5 సెంట్లు.

ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, కాగితం బదులు ప్రశ్న అడగడం. "మా వీధి రోడ్డు ఎందుకు వేయలేదు?" అని రాస్తే తిరస్కరిస్తారు, అది తప్పు కూడా కాదు, ఎందుకంటే ఆ చట్టం ఉన్న కాగితాలను ఇవ్వమంటుంది గాని కొత్తగా వివరణ రాయమనదు. "ఫలానా రెండేళ్లలో ఇంజినీరింగ్ విభాగం తయారుచేసిన రోడ్ల మరమ్మతు ప్రాధాన్య జాబితా" అని పేరు, కాలం చెప్పి అడగండి. ఈమెయిళ్లు కావాలంటే ఎవరి నుంచి ఎవరికి, ఏ తేదీల మధ్య, ఏ విషయం మీద అన్నవి నాలుగూ రాయండి. నిరాకరిస్తే కారణం లిఖితంగా చెప్పాలి. దాని మీద గవర్నమెంట్ రికార్డ్స్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు, లేదా కోర్టుకు వెళ్లవచ్చు. కోర్టు దారికి 45 రోజుల గడువు ఉంటుంది.

6. మైకు ముందు మాట్లాడడం

పురపాలక మండలీ, స్కూల్ బోర్డూ ప్రతి సమావేశంలోనూ ప్రజల మాటకు కొంత సమయం కేటాయించాలని చట్టం చెబుతోంది. ఎంత సమయం అన్నది వారే నిర్ణయించుకుంటారు. మూడు నిమిషాలో ఐదు నిమిషాలో ఉండడం మామూలు. కొన్నిచోట్ల రెండు విడతలు ఉంటాయి, మొదటి విడత అజెండాలోని అంశాలకు మాత్రమే, రెండో విడత దేనికైనా. ముందుగా పేరు నమోదు చేసుకోవాలా అన్నది క్లర్కును అడగండి.

మీ మాటను ఈ వరుసలో పెట్టండి: పేరు, వీధి, మీరు కోరేది ఒక వాక్యంలో, దానికి మీ దగ్గరున్న రెండు ఆధారాలు, మళ్లీ అదే కోరిక. కోరిక చివర రావాలని కొందరు అంతా దాచిపెడతారు, అక్కడికి చేరేలోగా గంట మోగుతుంది. ఒక పేజీకి మించి రాసుకోవద్దు, ఇంట్లో గడియారం పెట్టుకుని బయటికి చదివి చూడండి. రాసినదాని ప్రతులు సభ్యుల సంఖ్యకు రెండు ఎక్కువగా తీసుకెళ్లి క్లర్కుకు ఇవ్వండి.

"సభ్యులు జవాబు చెప్పకుండా మౌనంగా కూర్చున్నారు, అవమానంగా అనిపించింది" అని చాలామంది బాధపడతారు. అది అవమానం కాదు. చాలాచోట్ల అందరూ మాట్లాడాక ఒకేసారి జవాబు చెప్పడం రివాజు, కొన్నిచోట్ల అసలు చెప్పరు. జవాబు కావాలంటే, "దీని మీద అడ్మినిస్ట్రేటరు నాకు లిఖితంగా తెలియజేసేలా చూడమని కోరుతున్నాను" అని మాట్లాడే చివర్లో స్పష్టంగా అడగండి.

ఇరవైమంది వచ్చి అదే మాట ఇరవైసార్లు చెప్పడం కంటే, ముగ్గురు మూడు వేర్వేరు కోణాలు చెప్పి, మిగిలినవారు లేచి నిలబడి మద్దతు తెలపడం ఎక్కువ పనిచేస్తుంది. ఇంగ్లీషులో మాట్లాడడానికి ఇబ్బందిపడే పెద్దవారు తెలుగులో మాట్లాడి, ఇంట్లోవారు అనువదించడానికి అనుమతిస్తారేమో ముందే కనుక్కోండి. రోజూ ఆ రోడ్డు దాటే తాతయ్య మాటకు ఉండే బరువు మీ లెక్కలకు ఉండకపోవచ్చు.

7. ప్లానింగ్ బోర్డు, జోనింగ్ బోర్డు విచారణలు: ఇక్కడ పద్ధతి పూర్తిగా వేరు

కౌన్సిల్ అనుభవంతో ఇక్కడికి వచ్చినవారు ఎక్కువగా దెబ్బతింటారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఈ బోర్డులు రాజకీయ చర్చ జరిపేవి కావు, దాదాపు న్యాయస్థానంలా ప్రమాణం చేయించి సాక్ష్యం వింటాయి. మునిసిపల్ లాండ్ యూజ్ చట్టం చెప్పిన కొలమానాలతో దరఖాస్తును తూచి తీర్పు రాస్తాయి. పరిసరాల్లోని వారికి ఇష్టం లేదన్నది ఆ కొలమానాల్లో లేదు. జోనింగ్‌కు అన్ని విధాలా సరిపోయే దరఖాస్తును జనం వద్దన్నారని తిరస్కరిస్తే ఆ తీర్పు కోర్టులో నిలవదు.

బహిరంగ నోటీసు అవసరమైన దరఖాస్తుల్లో, ఆ స్థలానికి 200 అడుగుల లోపు ఉన్న ఆస్తుల యజమానులకు కనీసం 10 రోజుల ముందు నోటీసు అందుతుంది. అది పన్ను రికార్డులో ఉన్న యజమాని పేరున వస్తుంది కాబట్టి అద్దెకు ఉంటున్నవారికి రాదు. 200 అడుగులు దాటి ఉన్నా మీరు విచారణకు వెళ్లవచ్చు. విచారణకు 10 రోజుల ముందు నుంచి నక్షాలు, నివేదికలు చూడడానికి అందుబాటులో ఉండాలి. వెళ్లి చూడండి, అందులోనూ ట్రాఫిక్ నివేదిక, వాన నీటి పారుదల నివేదిక తప్పకుండా చూడండి. గోదాము దరఖాస్తుల్లో గట్టి ప్రశ్నలకు చోటిచ్చేవి ఎక్కువగా ఈ రెండే.

విచారణలో దరఖాస్తుదారు తరఫు సాక్షులు ఒక్కొక్కరుగా మాట్లాడతారు. ప్రతి సాక్షి తరువాత ప్రజలకు ప్రశ్నలు అడిగే అవకాశం వస్తుంది. అది ప్రశ్నలకు మాత్రమే. అప్పుడు అభిప్రాయం చెప్పబోతే చైర్మన్ ఆపుతారు, మీరు చిన్నబోతారు. "మీరు ట్రాఫిక్ లెక్కించింది బడి నడిచే రోజునా, సెలవు రోజునా?" అన్నది ప్రశ్న. "ఇక్కడ ట్రాఫిక్ ఎక్కువ" అన్నది అభిప్రాయం, దాన్ని చివరి దశకు దాచుకోండి. ఒక్కో దరఖాస్తు మూడు నాలుగు రాత్రులు సాగవచ్చు. వాయిదా తేదీని గదిలోనే ప్రకటిస్తే మళ్లీ నోటీసు పంపకపోవచ్చు, కాబట్టి చివరిదాకా కూర్చోండి.

చేయకూడనివి రెండు.

మొదటిది, సంతకాల పట్టికను నమ్ముకోవడం. సంతకం చేసినవారిని ప్రశ్నించే వీలు లేదు కాబట్టి బోర్డు లాయరు దాన్ని సాక్ష్యంగా స్వీకరించవద్దంటారు, ఉత్తరాలకూ అదే వర్తిస్తుంది. ఐదువందల సంతకాలు సేకరించి, ఐదుగురే విచారణకు వచ్చిన కాలనీని నేను చూశాను. ఆ ఐదుగురి మాటే లెక్కలోకి వచ్చింది. సంతకాల శ్రమను మనుషుల్ని రప్పించడం మీదో, అందరూ చందా వేసుకుని ఒక ప్లానరునో ట్రాఫిక్ ఇంజినీరునో సాక్షిగా తెచ్చుకోవడం మీదో పెట్టండి.

రెండోది, పెండింగులో ఉన్న దరఖాస్తు గురించి బోర్డు సభ్యుడితో విడిగా మాట్లాడడం. కౌన్సిల్ సభ్యుడికి ఉత్తరం రాయడం మీ హక్కు. ప్లానింగ్ బోర్డు సభ్యుడికి అలా రాస్తే ఆయన ఆ కేసు నుంచి తప్పుకోవలసి రావచ్చు, అప్పుడు నష్టపోయేది మీరే. గుడిలో కలిసినా, పెళ్లిలో కలిసినా ఆ మాట ఎత్తవద్దు.

జోనింగ్ బోర్డులో ఏడుగురు సభ్యులు ఓటు వేస్తారు. జోనింగ్ నిషేధించిన వాడుకకు అనుమతి కావాలంటే దరఖాస్తుదారుకు ఐదు అనుకూల ఓట్లు రావాలి. నాలుగు వస్తే చాలదు. అభ్యంతరం చెప్పేవారికి ఆశ ఎక్కువ ఉండేది ఇలాంటి కేసుల్లోనే. తీర్పు నచ్చకపోతే కోర్టుకు వెళ్లడానికి, నిర్ణయం నోటీసు ప్రచురితమైన నాటి నుంచి 45 రోజులు ఉంటాయి. ఆ గడువు విషయంలో లాయరును వెంటనే కలవండి.

8. ఆర్డినెన్స్ ఆమోదం పొందాక కూడా ఉన్న దారి

ఫాక్నర్ చట్టం కింద నడిచే టౌన్‌షిప్‌ల ఓటర్లకు రెఫరెండం హక్కు ఉంది. ఆర్డినెన్స్ తుది ఆమోదం పొందిన 20 రోజుల్లో, గత శాసనసభ ఎన్నికల్లో ఆ ఊళ్లో పోలైన ఓట్లలో 15 శాతానికి సమానమైన సంఖ్యలో నమోదైన ఓటర్ల సంతకాలతో పిటిషన్ ఇస్తే, దాన్ని కౌన్సిలే వెనక్కి తీసుకోవాలి, లేదా ప్రజల ఓటుకు పెట్టాలి. జోనింగ్ ఆర్డినెన్సులకు ఇది వర్తించదు. 20 రోజులు చాలా తక్కువ, రెండో పఠనానికి ముందే ఫారాలు సిద్ధం చేసుకోనివారు అందుకోలేరు.

9. పౌర కమిటీలో చేరడం

చాలా టౌన్‌షిప్‌లలో వినోద సలహా కమిటీ, పర్యావరణ కమిషన్, చెట్ల కమిషన్, గ్రంథాలయ ట్రస్టీలు వంటి బృందాలు ఉంటాయి. వీటిలో చాలావాటికి జీతం లేదు, ఖాళీలు తరచుగా ఉంటాయి, అడిగేవారు తక్కువ. పర్యావరణ కమిషన్‌లో ఐదు నుంచి ఏడుగురు ఉంటారు, వారిలో ఒకరు ప్లానింగ్ బోర్డులో కూడా సభ్యులై ఉండాలి. పెద్ద బోర్డులోకి వెళ్లాలనుకునేవారికి అది మంచి దారి.

నియామకాలు ఎక్కువగా జనవరిలో జరుగుతాయి కాబట్టి అక్టోబరు, నవంబరు నెలల్లో క్లర్కు దగ్గర ఫారం తీసుకుని నింపండి. దానికి ముందు ఆ కమిటీ సమావేశాలకు కనీసం మూడింటికి వెళ్లి కూర్చోండి. పేరు చర్చకు వచ్చినప్పుడు "ఆమె ప్రతి నెలా వస్తున్నారు" అన్న ఒక్క మాట బయోడేటా కంటే ఎక్కువ సాయం చేస్తుంది. నివాసం, పౌరసత్వం షరతులు కమిటీని బట్టి మారతాయి, అడిగి తెలుసుకోండి. ప్లానింగ్, జోనింగ్ బోర్డుల్లో చేరితే 18 నెలల్లోపు భూవినియోగ చట్టం మీద శిక్షణ పూర్తిచేయాలి, ఏటా ఆర్థిక వివరాల ప్రకటన కూడా దాఖలు చేయాలి.

సలహా కమిటీ నిర్ణయాలు చేయదు, సిఫార్సులు చేస్తుంది. అయినా వాటికి విలువ ఉంది. నేను వినోద కమిటీలో ఉన్నప్పుడు క్రికెట్ మైదానం కోసం ఒక బృందం అరవైమందితో వచ్చి ఉద్వేగంగా మాట్లాడింది, మేమూ సానుభూతితో విన్నాం, కానీ ఏం సిఫార్సు చేయాలో మాకు తెలియలేదు. మరుసటి నెల వారిలో ఇద్దరు మళ్లీ వచ్చారు. టౌన్‌షిప్ సొంత కేటాయింపుల పట్టిక తీసుకుని, ఏ మైదానం ఏ సాయంత్రాలు ఖాళీగా ఉంటోందో రంగులు వేసి చూపించారు, పిచ్ మ్యాట్ తామే కొని, ఆట అయ్యాక తామే చుట్టి తీసేస్తామన్నారు. సిఫార్సు ఆ రాత్రే రాశాం.

10. పని అయిందో లేదో సరిచూసుకోవడం

మాట్లాడిన మరునాడే క్లర్కుకూ, మీ మాటకు స్పందించిన సభ్యుడికీ చిన్న ఈమెయిల్ పంపండి: మీరు కోరింది, వారు అన్నది, తదుపరి అడుగు ఎవరిది. తరువాత ఇవి చూడండి.

- మినిట్స్ ఆమోదం పొందాక మీ పేరు, విషయం అందులో ఉన్నాయా? తప్పుగా ఉంటే తదుపరి సమావేశంలో సవరణ కోరండి. మినిట్స్‌లో ప్రతి మాటా ఉండదు, విషయం ఉంటే చాలు.
- 30 రోజుల్లో ఏదైనా అధికారి నుంచి లిఖిత జవాబు వచ్చిందా? రాకపోతే మళ్లీ మైకు దగ్గరకు వెళ్లి, మొదటి తేదీ చెప్పి, అదే ప్రశ్నను అవే మాటల్లో అడగండి.
- ఒప్పుకున్నారంటే అది ఏ రూపంలో ఉంది? సభ్యుడు తల ఊపడం ఒప్పుకోలు కాదు. స్టాప్ గుర్తుకు లేదా వేగ పరిమితికి ఆర్డినెన్స్ సంఖ్య, కొనుగోలుకు తీర్మానం సంఖ్య, మరమ్మతుకు పని ఉత్తర్వు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్య అడిగి నోటు పుస్తకంలో రాసుకోండి.
- బడ్జెట్ ఆమోదించాక మీ పనికి సంబంధించిన పద్దు అందులో ఉందా? లేకపోతే వచ్చే అక్టోబరులో ఎవరికి రాయాలో ఇప్పుడే క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

పని పూర్తయిన రోజున అదే మైకు ముందుకు వెళ్లి, ఆ పని చేసిన ఉద్యోగి పేరు చెప్పి కృతజ్ఞతలు తెలపండి. ఫిర్యాదులు వినే ఆ గదిలో ఆ మాట వినబడడం అరుదు, మినిట్స్‌లో ఆ పేరు కూడా ఎక్కుతుంది.